మందు పేరు పక్కన కారణం: యాంటీబయోటిక్ శిక్షణ గురించి

ఏటా నవంబరు 18 నుంచి 24 వరకు, మందులకు లొంగని సూక్ష్మజీవుల గురించి ప్రపంచమంతటా అవగాహన వారోత్సవం జరుగుతుంది. ఆ వారం వరంగల్, హనుమకొండల్లోని ఆసుపత్రుల్లో బ్యానర్లు కడతారు, ప్రతిజ్ఞ చేయిస్తారు, ఫార్మకాలజీ వాళ్లనో మైక్రోబయాలజీ వాళ్లనో పిలిచి గంటసేపు మాట్లాడిస్తారు. ఫార్మకాలజీ బోధించేదాన్ని కాబట్టి ఆ గంట చాలాసార్లు నా వంతుకు వస్తుంది. జలుబుకు యాంటీబయోటిక్ అవసరమా అని అడిగితే, హాల్లో ఉన్న హౌస్ సర్జన్లందరూ ఒక్క గొంతుతో అవసరం లేదంటారు. మర్నాడు ఓపీ చీటీలు తిరగేస్తే మాత్రం, ముక్కు కారుతూ ఒళ్లు వెచ్చబడ్డ మనిషికి అజిత్రోమైసిన్ రాసి ఉంటుంది. మన శిక్షణలన్నీ డాక్టర్లకు తెలియని విషయాన్ని తెలియజెప్పడానికి తయారైనవి. నేను చూసినంతవరకు, ఆ విషయం వాళ్లకు ముందే తెలుసు. తెలిసినదాన్ని ఎదురుగా రోగి, వెనకాల నలభై మంది వరుస ఉన్నప్పుడు ఎలా ఆచరణలో పెట్టాలో మాత్రం ఎవరూ నేర్పలేదు.

సమస్య ఎంత పెద్దదో చెప్పే అంకెలకు కొదువ లేదు. మందులకు లొంగని బాక్టీరియా ఇన్ఫెక్షన్ల వల్ల 2019లో నేరుగా 12.7 లక్షల మంది, వాటితో ముడిపడిన కారణాలతో మొత్తం 49.5 లక్షల మంది మరణించారని లాన్సెట్ పత్రిక 2022లో ప్రచురించిన అంచనా. ఈ స్లైడు చూపించినప్పుడు హాలు కాసేపు నిశ్శబ్దమవుతుంది, తరువాత అందరూ లేచి టీ తాగడానికి వెళతారు. లక్షల్లో చెప్పిన మరణాలు రేపటి చీటీని మార్చవని అర్థమయ్యాక, స్లైడ్లు తగ్గించి చీటీలనే పాఠ్యపుస్తకంగా వాడడం మొదలుపెట్టాను.

పద్ధతి సులువైనదే. శిక్షణకు వచ్చేవారు తమ విభాగంలో ఈమధ్య రాసిన చీటీల నకళ్లను, రోగి పేరు, డాక్టరు పేరు కొట్టేసి, వెంట తెస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో మొదలుపెట్టి, ఆ తరువాత పలుమార్లు సవరించిన అవేర్ వర్గీకరణలో యాంటీబయోటిక్‌లు యాక్సెస్ (మామూలు ఇన్ఫెక్షన్లకు ముందుగా వాడేవి), వాచ్ (జాగ్రత్తగా వాడవలసినవి), రిజర్వ్ (చివరి అస్త్రంగా దాచుకోవలసినవి) అని మూడు వర్గాలుగా ఉంటాయి. చీటీలోని ప్రతి యాంటీబయోటిక్ కింద వర్గాన్ని బట్టి పచ్చ, పసుపు, ఎరుపు స్కెచ్ పెన్నుతో గీత గీయమంటాను. అమాక్సిసిల్లిన్, డాక్సీసైక్లిన్, నైట్రోఫ్యూరంటాయిన్ పచ్చ. అజిత్రోమైసిన్, సెఫిక్సిమ్, సెఫ్ట్రియాక్సోన్, సిప్రోఫ్లాక్సాసిన్, మెరోపెనెమ్ పసుపు. లినెజోలిడ్, కొలిస్టిన్ ఎరుపు. పది నిమిషాలు తిరగకముందే కట్ట మొత్తం పసుపెక్కుతుంది. అజిత్రోమైసిన్, సెఫిక్సిమ్ లాంటివి జాగ్రత్తగా వాడవలసిన వర్గంలోవని చాలామందికి అక్కడే మొదటిసారి తట్టుతుంది, ఎందుకంటే వాళ్ల దృష్టిలో సూది మందులే పెద్ద మందులు, గోలీలన్నీ చిన్న మందులే. మనుషులకు వాడే యాంటీబయోటిక్‌లలో 2030 నాటికి కనీసం 70 శాతం యాక్సెస్ వర్గానివై ఉండాలని 2024 సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో దేశాలు ఒప్పుకున్నాయి. ఆ అంకెను ఆ పసుపు కట్ట పక్కన పెట్టి చూపిస్తే నేను ఇంకేమీ చెప్పనక్కరలేదు.

కట్టలో ఏ వర్గానికీ చెందని చీటీలు కొన్ని మిగులుతాయి. రెండు యాంటీబయోటిక్‌లను ఒకే మాత్రలో కలిపి అమ్మే మిశ్రమాలు అవి. అలాంటి వాటిలో చాలావాటిని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేయని జాబితాలో విడిగా పెట్టింది. నీళ్ల విరేచనాలకు ఆఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్ కలిపిన మాత్ర రాయడం మన దగ్గర ఎంత అలవాటైపోయిందంటే, రెండేళ్లకోసారి మేడారం జాతరకు వైద్య శిబిరాలు వేసినప్పుడు కూడా, రక్తం లేని నీళ్ల విరేచనాలకు ఓఆర్‌ఎస్సే అసలు మందని ప్రతిసారీ గుర్తుచేయాల్సి వస్తుంది.

రంగులు వేయడం అయ్యాక రెండో పని మొదలవుతుంది: ప్రతి యాంటీబయోటిక్ పక్కన అది ఎందుకు రాశారో ఒక్క ముక్కలో రాయాలి. యాంటీబయోటిక్ రాసేటప్పుడు దాని అవసరాన్ని తప్పనిసరిగా పేర్కొనాలని కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టర్ జనరల్ 2024 జనవరిలో వైద్య కళాశాలల డాక్టర్లను లేఖ ద్వారా కోరారు. ఆ లేఖను నోటీసు బోర్డు మీద చూసినవారు చాలామందే ఉంటారు. అయితే పెన్ను పట్టుకుని కారణం రాయబోయినప్పుడు చేయి ఆగిపోతుంది. ‘జ్వరం’ అని రాస్తారు. జ్వరం లక్షణమే తప్ప రోగనిర్ధారణ కాదు కదా అంటే, కొట్టేసి ‘ఇన్ఫెక్షన్’ అని రాస్తారు. ఎక్కడ, ఏ సూక్ష్మజీవి అని అనుమానం అంటే, ఆ పెన్ను కింద పెట్టేస్తారు. ఈ ఆగిపోవడమే నాకు కావలసింది. అమెరికాలో బోస్టన్, లాస్ ఏంజెలెస్ ప్రాంతాల క్లినిక్‌లలో జరిపి 2016లో ప్రచురించిన ఒక పరిశోధనలో, అనవసరమైన చోట యాంటీబయోటిక్ రాస్తున్న డాక్టరును రోగి రికార్డులో కనిపించేలా కారణం రాయమన్నప్పుడూ, తోటి డాక్టర్లతో పోల్చి తన స్థానం తనకు తెలియజేసినప్పుడూ అలాంటి చీటీలు గణనీయంగా తగ్గాయి. కంప్యూటరు తెర మీద వేరే మందును సూచించి ఊరుకున్నప్పుడు చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మనకు ఆ కంప్యూటర్లు లేకపోయినా, చీటీ మీద కారణం కోసం ఒక గడి గీయడానికి ఖర్చేమీ లేదు.

మా ప్రాంతంలో ఈ శిక్షణకు అసలు పరీక్ష వానాకాలం చివర వస్తుంది. ములుగు, భూపాలపల్లి అటవీ గ్రామాల నుంచి మలేరియా, పట్టణాల నుంచి డెంగీ, చేలల్లో, పొదల్లో తిరిగేవారికి పురుగు కుట్టడం వల్ల వచ్చే స్క్రబ్ టైఫస్, వీటితోపాటు నిజమైన టైఫాయిడ్ కూడా, అన్నీ ఒకే వరుసలో నిలబడతాయి. మొదటి మూడు రోజులు ఏ జ్వరమైనా ఒక్కలాగే కనిపిస్తుంది. అప్పుడు రంగంలోకి దిగేది, రక్తంలో టైఫాయిడ్ యాంటీబాడీల కోసం చూసే 1896 నాటి వైడాల్ పరీక్ష. టైఫాయిడ్ ఎప్పుడూ ఉండే ప్రాంతంలో, గతంలో ఎప్పుడో సోకిన ఇన్ఫెక్షన్ వల్ల కూడా రక్తంలో ఆ యాంటీబాడీలు మిగిలి ఉండవచ్చు, వేరే జ్వరాల్లోనూ అవి కనిపించవచ్చు, నిజంగా టైఫాయిడ్ ఉన్న మనిషికి మొదటి వారంలో కనిపించకపోవచ్చు. అందువల్ల ఒక్కసారి చేసిన వైడాల్‌ను నమ్మి నిర్ణయం తీసుకోవడం సరికాదు, తేల్చేది, రక్తంలోని సూక్ష్మజీవిని ల్యాబులో పెంచి చూసే బ్లడ్ కల్చరే. కానీ మండల కేంద్రంలోని ల్యాబు కాగితం మీద ‘పాజిటివ్’ అని వచ్చిన తరువాత ఈ మాట వినేవారెవరు? పొద్దున ఒక సూది, సాయంత్రం ఒక సూది చొప్పున సెఫ్ట్రియాక్సోన్ మొదలవుతుంది. ఐదారు రోజులకు జ్వరం దిగుతుంది. చాలా వైరల్ జ్వరాలు ఆ సమయానికి వాటంతటవే దిగుతాయి, కానీ పేరు సూదికి వస్తుంది. ఆ ఇంట్లో మరుసటి ఏడు ఇంకెవరికి జ్వరమొచ్చినా ఆ సూదే అడుగుతారు. ఇంతకన్నా ప్రమాదకరమైన సంగతి ఒకటుంది. డెంగీలో జ్వరం దిగే ఆ రోజుల్లోనే రక్తనాళాల నుంచి ప్లాస్మా అనే ద్రవం కారడం, రక్తపోటు పడిపోయి షాకులోకి వెళ్లడం వంటి చిక్కులు మొదలయ్యేది. సూది పనిచేసిందన్న ధీమాతో ఇంటికి పంపించేది కూడా సరిగ్గా అప్పుడే.

స్క్రబ్ టైఫస్ కథ దీనికి తలకిందులు. అక్కడ యాంటీబయోటిక్ కావాలి, అదీ త్వరగా కావాలి, కానీ రాసేది వేరొకటి అవుతుంది. కణాల లోపల బతికే ఆ సూక్ష్మజీవి మీద సెఫ్ట్రియాక్సోన్ పనిచేయదు. డాక్సీసైక్లిన్ ఇస్తే జ్వరం సాధారణంగా రెండు రోజుల్లో దిగిపోతుంది. పురుగు కుట్టిన చోట కొందరికి బీడీతో కాల్చినట్టు నల్లటి పెచ్చు కడుతుంది, దాన్నే ఎస్కార్ అంటారు. అది నొప్పి పెట్టదు, దురద పెట్టదు, కాబట్టి రోగి చెప్పడు. చంకలో, గజ్జల్లో, రొమ్ముల కింద, నడుము దగ్గర బట్ట బిగిసే చోట ఉంటుంది, కాబట్టి డాక్టరు చూడడు. శిక్షణలో ఈ భాగానికి ఫొటోలు చాలవని, ఆ కాలంలో వార్డులో రోగి ఉంటే అనుమతి తీసుకుని, తెర కట్టి, పక్కన నర్సును ఉంచుకుని వెతకడం చేసి చూపిస్తాను. బాధ్యతగా వాడడమంటే రాయకుండా ఉండడమేనని అనుకునేవారికి ఈ రోగి ఒక్కరు చాలు.

తరువాతి భాగం వినడానికి నాటకంలా ఉంటుంది, హౌస్ సర్జన్లు మొదట నవ్వుతారు కూడా. ఎదురెదురుగా రెండు కుర్చీలు వేసి ఒకరిని డాక్టరుగా, ఇంకొకరిని రోగి వెంట వచ్చిన మనిషిగా కూర్చోబెడతాను. వెంట వచ్చిన మనిషి పాత్ర సాధారణంగా పల్లె నుంచి వచ్చి చదువుకున్న పిల్లలు అద్భుతంగా పోషిస్తారు. “సారూ, నర్సంపేట నుంచి వచ్చినం. బస్సు కిరాయి పాయె, ఇయ్యాల్టి కూలి పాయె. ఒక్క సూదన్న ఎయ్యుండ్రి, తెల్లారేవరకు జరం దిగాలె.” డాక్టరు పాఠంలో ఉన్నట్టుగా, ఇది వైరల్ ఫీవర్, యాంటీబయోటిక్ అవసరం లేదంటాడు. “అంటే ఏం లేదంటరా సారూ? మనిషి మంచంల నుంచి లేస్తలేడు.” అక్కడితో డాక్టరు దగ్గర మాటలు అయిపోతాయి. ‘అవసరం లేదు’ అన్నది శాస్త్రపరంగా సరైనదే, కానీ వినేవారికి తమ బాధను కొట్టిపారేసినట్టు ఉంటుంది. ఇద్దరు ముగ్గురు ప్రయత్నించాక, ఒక అమ్మాయి చెప్పిన తీరు నాకు నచ్చి అప్పటినుంచి అందరికీ అదే వినిపిస్తున్నాను: “జరం ఉన్నది, నేను కాదంటలేను. మలేరియా, డెంగీ రెండూ చూసినం, రాలేదు. ఈ జరానికి ఆ సూది పనిచెయ్యదు. పారాసిటమాల్ గోలీ ఆరు గంటలకొకటి ఎయ్యుండ్రి, నీళ్లు, మజ్జిగ మంచిగ తాపుండ్రి. కడుపునొప్పి లేచినా, వాంతులు ఆగకపోయినా, మూత్రం తక్కువైనా, దమ్మొచ్చినా రాత్రని చూడకుండ రావాలె. ఏం లేకపోయినా ఎల్లుండి ఒకసారి చూపియ్యుండ్రి.” ఇది చెప్పడానికి నిమిషం పడుతుంది. సూది చీటీ రాయడానికి అంతకన్నా తక్కువే పడుతుందని ఒకరు లెక్క చెప్పారు, కాదనలేను. కానీ ఆ నిమిషంలో రోగికి కావలసినవి మూడూ ఉన్నాయి: నా బాధ నిజమేనని ఒప్పుకోవడం, ఇంట్లో ఏం చేయాలో, ఎప్పుడు పరుగెత్తుకు రావాలో తెలియడం.

సొంత క్లినిక్‌లు నడిపే డాక్టర్లకు ఈ అభ్యాసం చేయించినప్పుడు ఎదురయ్యే ప్రశ్న వేరు. తాను రాయకపోతే రోగి పక్క సందులో ఉన్న క్లినిక్‌కు పోతాడని, మరోసారి తన గడప తొక్కడని వాళ్లంటారు. ఇది సాకు కాదు, వాస్తవమే. ఒంటరిగా ఒక్కరు మారితే నష్టపోయేది ఆ ఒక్కరే కాబట్టి, ఒకే వీధిలో ఉన్నవారిని ఒకే విడతలో పిలవడం మేలని నాకు అనిపించింది. అనవసరంగా యాంటీబయోటిక్ రాయనని తన ఫొటో, సంతకంతో ఒక పోస్టరు గదిలో పెట్టుకున్న డాక్టర్ల చీటీలు నిజంగానే మారాయని 2014లో అమెరికా నుంచి మరో పరిశోధన వచ్చింది. ఆ వీధిలో ప్రతి గోడ మీదా అలాంటి కాగితం ఒకటి, తెలుగులో, ఉంటే రోగికి చెప్పడం ఎవరికైనా తేలికవుతుంది.

వార్డుల విషయానికి వస్తే, శిక్షణ డాక్టర్ల దగ్గర ఆగిపోతే సగం పని కూడా జరగదని నా అభిప్రాయం. ‘కల్చర్ పంపాం, ఏమీ పెరగలేదు’ అన్న మాట కేస్ షీట్లలో తరచూ చూస్తాం. రక్తం తీసిన సమయం, మొదటి డోసు ఇచ్చిన సమయం పక్కపక్కన పెట్టి చూస్తే చాలాసార్లు మందే ముందు పడి ఉంటుంది, ఇక సీసాలో ఏం పెరుగుతుంది? రక్తం తీసేదీ, సూది వేసేదీ ఎక్కువగా నర్సులే. పెద్దవారికి ఒక్కో సీసాలో 8 నుంచి 10 మిల్లీలీటర్ల రక్తం పడాలని, రెండు వేర్వేరు చోట్ల నుంచి తీయాలని, చర్మం మీద రాసిన మందు ఆరేదాకా ఆగాలని, సీసా మూత తీసినంత మాత్రాన పైన ఉన్న రబ్బరు శుభ్రంగా ఉన్నట్టు కాదని, దాన్నీ స్పిరిట్‌తో తుడవాలని పద్ధతిగా నేర్పితే వాళ్లు ఎవరికన్నా బాగా చేస్తారు. ఒక చోట బ్లడ్ కల్చర్ సీసాలను పాడవకుండా ఉండాలని ఫ్రిజ్‌లో పెట్టి, మూత్రం శాంపిల్‌ను బల్ల మీద వదిలేశారు. జరగాల్సింది దీనికి సరిగ్గా తిరగబడి: రక్తం సీసాలు ఫ్రిజ్‌లో పెట్టకూడదు, మూత్రం ల్యాబుకు చేరడం ఆలస్యమయ్యేటట్టయితే ఫ్రిజ్‌లోనే ఉంచాలి. ఆ సిస్టర్ చూపించిన శ్రద్ధలో లోపం లేదు, ఎవరూ చెప్పలేదంతే. ఇక్కడ ఒక హెచ్చరిక కూడా జోడిస్తాను: సెప్సిస్‌తో, అంటే ఇన్ఫెక్షన్ ముదిరి అవయవాలు దెబ్బతిని, షాకులో ఉన్న రోగికి గంటలోపు యాంటీబయోటిక్ పడాలి, కల్చర్ కోసమని దాన్ని ఆపకూడదు. ‘సార్, కల్చర్ తీశాక మొదటి డోసు ఇవ్వనా’ అని నర్సు పీజీ డాక్టరును అడిగే చనువు వార్డులో లేకపోతే ఇందులో ఏ పాఠమూ నిలవదు. అందుకే ఈ భాగాన్ని హెడ్ నర్సుల చేత చెప్పిస్తూ పీజీలను ముందు వరుసలో కూర్చోబెడతాను.

మందు మొదలుపెట్టాక 48 నుంచి 72 గంటల మధ్య ఒకసారి ఆగి చూడడం, కల్చర్ రిపోర్టును బట్టి తగ్గించడం, ఆపడం లేదా నోటి మాత్రకు మార్చడం అందరికీ తెలిసిన సంగతే, విస్తరించను. పిపెరాసిల్లిన్-టాజోబాక్టమ్‌కో మెరోపెనెమ్‌కో మెట్రోనిడజోల్ జోడించడం మాత్రం ఎంత చెప్పినా పోని అలవాటు. గాలి అవసరం లేని సూక్ష్మజీవులను మొదటి మందే చూసుకుంటుంది, రెండోది రోగికి వికారం, ఇంటివాళ్లకు ఖర్చు తప్ప సాధారణంగా ఏమీ కలపదు. ఎన్ని రోజులు వాడాలన్న చోట కూడా పాత మాటలు వదిలించుకోవాలి. బయట సోకిన న్యుమోనియాకు ఐదు రోజులు, ఆసుపత్రిలో సోకినదానికి ఎనిమిది రోజులు చాలని భారత వైద్య పరిశోధన మండలి 2022లో ఇచ్చిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. ‘కోర్సు పూర్తి చేయాలి’ అని పాతికేళ్లుగా చెబుతూ వచ్చిన మా తరానికి ఇది మింగుడుపడటం కొంచెం కష్టం. క్షయకు మాత్రం ఆ పాత మాటే ఇప్పటికీ సరైనది, దీన్ని కలగలపకూడదు.

ఎక్కువ వాదన జరిగేది సర్జన్లతోనే. కోతకు ముందు గంటలోపు సెఫజోలిన్ ఒక డోసు పడితే, చాలా ఆపరేషన్లకు ఆ తరువాత యాంటీబయోటిక్ అవసరం ఉండదు; ఇచ్చినా 24 గంటలు దాటించకూడదు. ఆచరణలో కుట్లు విప్పేదాకా సూదులు సాగుతాయి. ఎందుకని నిలదీస్తే ఒక సీనియర్ సర్జన్ తిరిగి నన్నే అడిగారు: డ్రెస్సింగ్ గదిలో చేతులు కడుక్కోవడానికి పంపులో నీళ్లు ఉన్న రోజులెన్నో మీరు లెక్క చూశారా? గాయం చీము పడుతుందన్న ఆ భయం న్యాయమైనది, కానీ పంపులో నీళ్లు రాకపోవడానికి యాంటీబయోటిక్ విరుగుడు కాదు. ఐదు రోజుల సెఫ్ట్రియాక్సోన్ ఆ గాయంలోకి అంతకన్నా మొండి సూక్ష్మజీవిని తెచ్చిపెట్టవచ్చు. అలాగని నీళ్ల సంగతి పట్టించుకోకుండా డాక్టరుకు మాత్రమే నీతులు చెప్పే శిక్షణ నిజాయితీ గలది కాదు. అందువల్ల సర్జరీ విడత జరిగే రోజు ఆసుపత్రి పాలన చూసేవారు, ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సు ఆ గదిలో తప్పక ఉండాలని పట్టుబడతాను. వాళ్లు రాని చోట ఆ భాగం నేను చెప్పను.

మెడికల్ షాపుల వాళ్ల కోసం విడిగా మాట్లాడాలి. మూడో తరం సెఫలోస్పోరిన్‌లు, కార్బాపెనెమ్‌ల వంటివి (పైన చెప్పిన సెఫిక్సిమ్, సెఫ్ట్రియాక్సోన్, మెరోపెనెమ్ వీటిలోవే) 2014 మార్చి 1 నుంచి, డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని షెడ్యూల్ హెచ్1 కిందికి వచ్చాయి. రాసిన డాక్టరు, కొన్న మనిషి, మందు, పరిమాణం విడి రిజిస్టరులో రాసి మూడేళ్లు ఉంచాలి. వాళ్ల ప్రశ్నా క్లినిక్ డాక్టర్ల ప్రశ్నే, పక్క షాపు ఇస్తాడని. దానికి తనిఖీ తప్ప శిక్షణలో జవాబు లేదని ఒప్పుకుంటాను. పల్లెల్లో మొదట సూది పట్టే ఆర్‌ఎంపీలను పిలవాలా వద్దా అన్నది ఇంతకన్నా కష్టమైన ప్రశ్న. హాల్లో కూర్చోబెడితే వారికి లేని గుర్తింపు ఇచ్చినట్టవుతుందని నా సహోద్యోగుల్లో చాలామంది వ్యతిరేకిస్తారు. ఏ యాంటీబయోటిక్ వాడాలో వారికి నేర్పకూడదని నేనూ అంటాను. కానీ ఏ గుర్తు కనిపిస్తే చేతులు కట్టుకుని ఆసుపత్రికి పంపాలో చెప్పకుండా ఉండడం వల్ల ఎవరికి మేలో నాకు అర్థం కాదు. పల్లె దవాఖానల్లో పనిచేసే ఏఎన్ఎంల దగ్గర నాకు ఇలాంటి సందేహాలేవీ లేవు. రెండు నెలల నుంచి ఏడాది లోపు బిడ్డకు నిమిషానికి 50, ఏడాది నుంచి ఐదేళ్ల లోపు పిల్లలకు 40 లేదా అంతకు మించి ఉంటే వేగంగా శ్వాస తీసుకుంటున్నట్టని తెలిసి, బిడ్డ ఏడుపు ఆగేదాకా ఎదురుచూసి, గడియారం చూస్తూ నిండు నిమిషం లెక్కపెట్టి, అప్పుడు అమాక్సిసిల్లిన్ ఇచ్చే ఏఎన్ఎం, స్టెతస్కోపు పెట్టకుండానే సెఫిక్సిమ్ సిరప్ రాసే చాలామంది కన్నా యాంటీబయోటిక్‌ను బాగా వాడుతోంది.

శిక్షణ చివర పెట్టే ప్రశ్నపత్రంలో అందరికీ మంచి మార్కులే వస్తాయి, దాన్ని బట్టి ఏదీ తేలదు. కొన్ని నెలల తరువాత మళ్లీ చీటీలు, కేస్ షీట్లు తీసి మూడు సంగతులు చూస్తాను: దగ్గు, జలుబు చీటీల్లో యాంటీబయోటిక్ ఎన్నింటిలో ఉంది, కారణం గడి ఎన్నింటిలో నిండింది, కల్చర్ మొదటి డోసు కన్నా ముందే తీశారా లేదా. ఇప్పటిదాకా చూసినదాంట్లో త్వరగా మారేది కల్చర్ వేళ, నర్సులు పట్టుకున్నారు కాబట్టి. తరువాత కారణం గడి. అన్నిటికన్నా నిదానంగా కదిలేది ఆపరేషన్ తరువాతి సూదులు. వచ్చే విడతను అందుకే సర్జరీ వార్డుతో మొదలుపెడుతున్నాం. సెఫజోలిన్ వేళను అనస్థీషియా చార్టులోనే రాసేటట్టు ఒక గడి అచ్చు వేయించాం, రెండో రోజు సూది కొనసాగించాలంటే సర్జన్ కారణం రాసి సంతకం పెట్టాలి. చార్టు నమూనా కావలసినవారు అడిగితే పంపిస్తాను.